ఆవిరమ్మ బుట్ట కింద పాము

పొద్దున ఆ వీధిలో అందరికన్నా ముందు లేచేది ఆవిరి. మూడంతస్తుల భవనం కింది గదిలోంచి, కిటికీ చువ్వల సందుల్లోంచి తెల్లగా బయటికి వచ్చి, ఎటు పోవాలో తోచనట్టు గుమ్మం దగ్గర కాసేపు నిలబడి, గాలిలో కలిసిపోతుంది. దాని వెనకాలే చేతులు తుడుచుకుంటూ వచ్చే మనిషిని వీధి వీధంతా ఆవిరమ్మ అంటుంది. బట్టలు ఉతికి ఇస్త్రీ చేసిచ్చే దుకాణం ఆమెది. పొట్టి మనిషి. ఏళ్ళ తరబడి నీళ్ళలో నాని వేళ్ళు పాలిపోయాయి. ఎడమ మణికట్టు మీద ఇస్త్రీపెట్టె కాల్చిన మచ్చ చిన్న పడవలా ఉంటుంది. మనసు మంచిదే. నోటికి మాత్రం తాళం లేదు.

దుకాణం పెట్టకముందు ఒక పెద్ద హోటలు నేలమాళిగలో దుప్పట్లు ఉతికేది. కిటికీ లేని గది. బయట వాన పడుతోందో లేదో పైనుంచి వచ్చే తువ్వాళ్ళ తడిని బట్టి తెలుసుకోవాలి. ఒకరోజు దుప్పటి మడతలో ఎవరిదో పళ్ళసెట్టు దొరికింది. కడిగి, తుడిచి, సూపర్‌వైజరు బల్ల మీద పెట్టింది. ఆయన ముఖం చిట్లించి చెత్తబుట్టలోకి తోసేశాడు. మర్నాడు ఒక పెద్దాయన నోటికి అరచెయ్యి అడ్డం పెట్టుకుని వచ్చి అడిగాడు.

“మాకేం దొరకలేదండీ,” అన్నాడు సూపర్‌వైజరు.

“దొరికాయి. ఈయనే పారేశాడు,” అంది ఆవిరమ్మ.

సాయంత్రానికి ఆమెకు ఉద్యోగం లేదు.

సొంత దుకాణం పెట్టుకున్నాక ఒకే ఒక్క కట్టుబాటు పెట్టుకుంది. బట్టలతో పాటు ఏది వచ్చినా దానికి గుడ్డచీటీ తగిలించి గూట్లో పెట్టాలి, సొంతదారు వచ్చి అడిగితే చేతికివ్వాలి. గుండీ అయినా, చెవిదుద్దు అయినా, చిరిగిన సినిమా టిక్కెట్టయినా. “చెత్త అని మనమెలా అంటామే? అది వాళ్ళు చెప్పాలి,” అనేది తనతో పాటు పనిచేసే ఆడపడుచుతో. భర్త పోయాక అటువైపు నుంచి ఆమెకు మిగిలిన చుట్టం ఆ చిన్న ఆడపడుచు ఒక్కతే.

ఆ మధ్యాహ్నం బాయిలరు పక్కనున్న చెక్క అరలో దుప్పట్లు ఆరాయో లేదో చూస్తోంది ఆవిరమ్మ. ఒక్కో దొంతర మీదా అరచెయ్యి ఆనించి తడి చూడటం అలవాటు. కళ్ళకన్నా ఆ చేతినే ఎక్కువ నమ్ముతుంది. చివరి దొంతర మీద చెయ్యి ఆనించింది. పొడిగా ఉంది. నున్నగా ఉంది. చేతి కింద మెల్లగా ఉబ్బి, మెల్లగా తగ్గింది.

“అమ్మాయ్.”

“ఏంటొదినా?”

“దుప్పటికి ఊపిరుంటుందా?”

“పొద్దున్నుంచీ ఏమన్నా తిన్నావా నువ్వు?” అంటూ ఆడపడుచు వచ్చి తొంగిచూసింది. గోధుమరంగు మీద ముదురు మచ్చలు, ఎండుటాకుల మీద చెట్టునీడ పడ్డట్టు. “ఎవరిదో బెల్టు...” అంది.

బెల్టు తలెత్తింది. ఆడపడుచు వేసిన కేక మూడంతస్తులూ ఎక్కి డాబా మీద ఆగింది. ఆమె కూడా బల్ల ఎక్కింది, ఎప్పుడెక్కిందో ఆమెకే తెలియదు.

ఆవిరమ్మ గుమ్మం వైపు తిరిగింది. పరుగెడదామనుకుంది. పాదాలు మాట వినలేదు. కాని ఆ పాము ఆమెకన్నా ఎక్కువ భయపడినట్టుంది. బుస కొట్టలేదు, పారిపోలేదు. తల లోపల దాచుకుని, చంటిపిల్ల పిడికిలిలా గుండ్రంగా ముడుచుకుపోయింది. పక్కనున్న బట్టలబుట్ట దాని మీద బోర్లించి, బుట్ట మీద చల్లారిన ఇస్త్రీపెట్టె బరువు పెట్టింది ఆవిరమ్మ. పెట్టాక నేల మీద కూలబడింది.

ఆడపడుచు బల్ల దిగకుండానే, బుట్ట అల్లిక సందుల్లోంచి కనిపించినంత మేర ఫొటో తీసి, పాములు పట్టేవాళ్ళకు పంపింది. వెంటనే వాళ్ళే ఫోన్ చేశారు. ఇది మన నేల మీద పుట్టే పాము కాదు, సముద్రాల అవతలి జాతి, ఎవరో పెంచుకుంటుంటే తప్పించుకుని ఉంటుంది, విషం లేదు, చంపొద్దు, సాయంత్రం మనిషిని పంపిస్తాం అన్నారు.

“ఎవరో పెంచుకుంటున్నదట,” అంది ఆడపడుచు.

ఆవిరమ్మ మెల్లగా లేచి సొరుగులోంచి గుడ్డచీటీ తీసింది. “రాయి.”

“ఏం రాయను? గంజి పెట్టాలా, వద్దా?”

“నోరు మూసుకుని రాయి. సొంతదారు రావాలి.”

చీటీ బుట్టకు తగిలించేలోపే గుమ్మం నిండా జనం. అందరికన్నా ముందు పక్క షెడ్డు వెల్డరు, చేతిలో ఇనుపరాడ్డుతో. అతని వెనక భవనం ఓనరు, సగం గడ్డం గీసుకున్న ముఖంతో.

“ఎక్కడమ్మా? ఆ బుట్ట కిందేనా? తియ్యి, ఒక్క దెబ్బ పని,” అన్నాడు ఓనరు.

“దీనికి మనుషులున్నారండీ. వస్తారు.”

“పాముకి మనుషులేంటి?”

“కిందటి వారం మీ దుప్పటి కనపడకపోతే దుకాణమంతా వెతికించారు. ఇంకొకళ్ళది కనపడకపోతే కొట్టి పారేయమంటున్నారు.”

“దుప్పటీ పామూ ఒకటేనా?”

“దుప్పటి కరవదు. ఇదీ ఇంతవరకూ ఎవర్నీ కరవలేదు.”

ఎవరో నవ్వబోయి దగ్గుగా మార్చుకున్నారు. ఓనరు వెనక్కి తిరిగి అందరి ముఖాలూ చూశాడు. “ఎవరో మన బిల్డింగులోవాళ్ళే తెచ్చుంటారు. ఎవరో తెలియనీ. సామాను రోడ్డు మీద పడేయిస్తా!”

“మీరా మాటన్నాక ఇంకెవరొస్తారు?” ఆవిరమ్మ గొంతు పెరిగింది. “వెనక్కి తీసుకోండి.”

“నేనా? తీసుకోను.”

వెల్డరు రెండడుగులు లోపలికి వచ్చాడు. “పిన్నీ, పక్కకు జరుగు. నువ్వంటే గౌరవం కాబట్టి చెప్తున్నా.”

“ఆ గౌరవమేదో రాడ్డు కింద పెట్టి చూపించు నాయనా.”

“నీకూ భయమేగా!”

“భయంతో ఛస్తున్నా. అయితే? భయమేసిందాన్నల్లా కొట్టి చంపాలా? మీ ఆవిడ గొంతు వినపడగానే నా బాయిలరు వెనక దాక్కుంటావే, అప్పుడు తీశావా రాడ్డు?”

ఈసారి నవ్వు దగ్గుగా మారలేదు. వెల్డరు కూడా నవ్వి, రాడ్డును గోడకు ఆనించాడు. ఓనరు నవ్వలేదు.

“చివరిసారి చెప్తున్నా. ఆ బుట్టన్నా తియ్యి, నెలాఖరుకు దుకాణమన్నా ఎత్తెయ్యి.”

బాయిలరు ఒక్కటే ఏదో గుర్తొచ్చినట్టు గురగురమంది. ఇరవై ఏళ్ళుగా ఆ గోడల సున్నంలోకి ఆమె ఆవిరి ఇంకుతూ ఉంది. వాతలు తేలిన బల్ల, అరిగిన గుమ్మం, కిటికీలోంచి రోజూ ఒకే వేళకు వచ్చి దుప్పట్ల మీద పడుకునే ఎండ, అన్నీ ఆమెవే. ఆవిరమ్మ వాటిని ఒకసారి చూసింది. స్టూలు లాక్కుని కూర్చుని, రెండు చేతులూ బుట్ట మీద వేసింది.

“దుకాణమే ఎత్తేస్తా. కాని నెలాఖరు దాకా ఈ గది నాది. నాదైనన్నాళ్ళు ఇక్కడ ఎవరి ప్రాణమూ పోదు. ఇక దయచేయండి, ఇస్త్రీ పని బోలెడుంది.”

ఎవరూ కదల్లేదు. అప్పుడు జనం వెనకనుంచి ఒక సన్నటి గొంతు, “అది నాదండీ,” అంది.

పై అంతస్తులో ఒంటరిగా ఉండే మనిషి. కళ్ళజోళ్ళ దుకాణంలో అద్దాలు అరగదీస్తాడు. ఊళ్ళోవాళ్ళ చూపులన్నీ సరిచేస్తాడు గాని, తను ఎవరి కళ్ళలోకీ సూటిగా చూడడు. ఇప్పుడు మాత్రం ఓనరు వైపే చూస్తున్నాడు.

“దానికి వెచ్చదనం ఉండాలి. పెట్టెలో బల్బు మాడిపోయింది. నేను పనిలో ఉన్నప్పుడు మూత నెట్టుకుని వెళ్ళిపోయింది. నిన్నట్నుంచీ వెతుకుతున్నా. అడుగుదామంటే నోరు రాలేదు.”

“నీదా? నువ్వూ నెలాఖరుకు ఖాళీ చెయ్యి,” అన్నాడు ఓనరు.

“చేస్తానండీ.”

“ఇంతసేపూ అక్కడే నిలబడి చూస్తున్నావా?” అంది ఆవిరమ్మ.

అతను తల దించుకున్నాడు. “అవునమ్మా.”

“సర్లే. ఇప్పటికైనా వచ్చావు. తీసుకో.”

అతను బుట్ట ఎత్తి, రెండు చేతులూ కిందినుంచి పోనిచ్చాడు. ఉండ కొంచెం కొంచెంగా విప్పుకుని అతని మణికట్టు చుట్టూ పాకింది. గుమ్మంలో ఉన్నవాళ్ళు ఒకరినొకరు తొక్కుకుంటూ వెనక్కి జరిగారు. ఆవిరమ్మ జరగలేదు. దగ్గరికి వంగి చూసింది. నల్లపూసల్లాంటి కళ్ళు. కోపం లేదు, కృతజ్ఞతా లేదు. వాటిలో కిటికీ మాత్రం రెండుగా కనిపించింది.

“ఏం తింటుంది?”

“ఎలుకల్ని.”

“ఆ ముక్క ముందే చెప్తే దీన్ని పనిలో పెట్టుకునేవాళ్ళంగా!” అంది బల్ల మీదినుంచి ఆడపడుచు.

సాయంత్రం వచ్చిన మనిషి పాముకు దెబ్బలేవీ లేవని చూసుకుని, అనుమతి లేకుండా పెంచినందుకు అతన్ని గట్టిగా మందలించాడు. అనుమతి తెచ్చుకునేదాకా తమ దగ్గరే ఉంచుతామని గాలిరంధ్రాలున్న పెట్టెలో పెట్టుకున్నాడు. వీధి చివర వ్యాను దాకా ఆవిరమ్మ ఆ పెట్టె ముందు నడిచింది. ఎవరైనా అడ్డమొస్తారేమోనని చూసింది. ఎవరూ రాలేదు.

ఆ తర్వాత నెలాఖరు దాకా ఆడపడుచు ఒకటే పోరు. “పొరపాటైందని ఒక్క మాట అను వదినా. ఆయన ఊరుకుంటాడు.”

“పొరపాటైతే అనేదాన్నే.”

నెలాఖరున బాయిలరును బండికి ఎక్కించింది వెల్డరే. పై అంతస్తు మనిషి తన సామాను దించుకోవడం అయ్యాక వచ్చి, బల్లకు ఒక వైపు పట్టాడు. వంతెన అవతల ఇంతకన్నా చిన్న గది దొరికింది. దానికి కిటికీ ఉంది, అది చూసే ఒప్పుకుంది. ఖాళీ గదిలో సున్నపు గోడల మీద అరల గుర్తులు లేతగా మిగిలాయి.

ఓనరు గుమ్మంలో నిలబడ్డాడు. ఆమె ఒక్కసారి అడిగితే ఉండనిచ్చేవాడే. అడుగుతుందేమోనని పెదాలు కదుపుతూ చూశాడు. అడగకపోయేసరికి తనే అన్నాడు, “ఇంత పంతం దేనికమ్మా, ఒక్క పాము కోసం?”

“ఇంకోటి వచ్చినా ఇంతే,” అంటూ తాళాలు ఆయన చేతిలో పెట్టి, ఆవిరమ్మ బండి ఎక్కింది.