బూమ్ బాబాయి కలగూరగంప సెట్టు

బూమ్ బాబాయికి జంట స్పీకర్లు కనబడితే ఒళ్ళు మండుతుంది. ఒకే కంపెనీ, ఒకే రంగు, ఒకే ఎత్తు ఉన్న రెండు పెట్టెలు పక్కపక్కన కనబడితే చాలు, ముఖం చిట్లించి, "ఈ రెండూ ఒకదానితో ఒకటి మాట్లాడుకోవడానికి ఏముంటుంది?" అంటాడు. చుట్టుపక్కల ఏ ఇంట్లో చిన్న పార్టీ జరిగినా పాటల సెట్టు ఆయనదే. ఆ సెట్టులో ఏ రెండు స్పీకర్లూ ఒక తల్లి బిడ్డలు కావు. ఇంటికొకటి చొప్పున అడిగి తెచ్చి, యాంప్లిఫయర్‌కి తగిలించి, అన్నింటి చేతా ఒకే పాట పాడిస్తాడు. అవి పాడాక ఆయన కాలర్ సర్దుకుంటాడు.

ఈసారి పార్టీ ఆయన అన్నగారి అమ్మాయిది. ఆమెకి సిటీ బస్సు నడిపే ఉద్యోగం వచ్చింది. ఆ రోజు నుంచి ఇంటిల్లిపాదీ ఆమె అసలు పేరు మరిచిపోయి డ్రైవరమ్మ అంటున్నారు. ఆ డిపోలో స్టీరింగ్ పట్టిన మొదటి ఆడపిల్ల కూడా ఆమే. "శనివారం సాయంత్రం మా అపార్ట్‌మెంటు పార్కింగ్‌లో పార్టీ, డాన్సు గ్యారంటీ" అని ఆమె డిపో అంతా డప్పు కొట్టేసింది. డాన్సు తుస్సుమంటే సోమవారం తలెత్తుకోవడం కష్టం. అందుకని సౌండు షాపులో మిలమిల మెరిసే సెట్టొకటి అద్దెకు మాట్లాడుకుంది. ఆ సంగతి బాబాయి చెవిన పడింది.

"షాపు సెట్టా! నేను బతికుండగానే!" అని బాబాయి గుండె పట్టుకున్నాడు.

"మా డిపో వాళ్ళు చూస్తారు బాబాయ్. నీ సెట్టులో ఒకటి చెక్కది, ఒకటి ప్లాస్టిక్‌ది, ఇంకోదానికి ముందు జాలీయే లేదు."

"జాలీ లేకపోతేనేం, గొంతుందిగా. నీకు సైకిలు నేర్పిందెవరు?"

"నువ్వే."

"కింద పడితే లేపిందెవరు?"

"పిన్ని."

"సైకిల్ని లేపింది నేనే కదా! ఆ షాపువాడికి వద్దని చెప్పు."

చెప్పింది. చెప్పిన మరుక్షణమే ఎందుకు చెప్పానా అనుకుంది.

శనివారం పొద్దున్నే బాబాయి ఆమెని వెంటబెట్టుకుని స్పీకర్ల వేటకి బయల్దేరాడు. మొట్టమొదట మూడో అంతస్తులో ఒంటరిగా ఉండే లెక్కల మాస్టారి తలుపు తట్టాడు. ఆయన రిటైరయ్యాక పెట్టుకున్న ఏకైక వ్యాపకం మోత మీద ఫిర్యాదులు. పై వాటాలో చెంచా కింద పడినా గొడవకి వెళ్తాడు.

"ఈయన్నా! పార్టీ ఆపించడానికి మనమే వచ్చి పిలుస్తున్నామా బాబాయ్?" అని డ్రైవరమ్మ గుసగుసలాడింది. ఈలోగా తలుపు బెత్తెడు తెరుచుకుంది.

"ఏం?"

"మాస్టారూ, మీ దగ్గర పాత స్పీకరుందట కదా."

"రెండున్నాయి. రెండూ పట్టుకుపోండి. నా ఇల్లు ఖాళీ అవుతుంది."

"అబ్బే, ఒక్కటి చాలు. కాకపోతే సాయంత్రం మీరొచ్చి దాని పక్కన కూర్చోవాలి. దాని స్వభావం మీకే తెలుసు. రేపు దానికేమైనా అయితే నేను మాట పడలేను."

"నేనా? ఆ గోలలోనా?"

"పోనీ లెండి. తమ వస్తువు మీద శ్రద్ధ ఉన్నవాళ్ళనే అడుగుతాను."

"ఏమిటీ, నాకు శ్రద్ధ లేదా!" అని మాస్టారు తలుపు బార్లా తెరిచాడు.

తర్వాత కొత్తగా దిగిన పళ్ళ డాక్టరమ్మ. ఆవిడ ఎదురుపడితే ఎక్కడ తమ పళ్ళు చూసేస్తుందోనని అపార్ట్‌మెంటు జనం మూతులు బిగించుకుని తప్పుకుంటారు. ఆవిడ కారు డిక్కీలో ఊఫర్ ఉంది. గుండెల్లో దిమ్‌దిమ్మనే లోతు మోత కోసమే పుట్టిన పెట్టె అది. అలాంటిదే ఇంకొకటి ఎదురు వీధి దర్జీ ఆవిడ దుకాణంలో ఉంది. గుడ్డల మూటలు మోస్తూ తన పుట్టుక మరిచిపోయింది. "ఊఫర్ తీసుకెళ్ళండి, నేను మిషను వదిలి రాలేను" అంది దర్జీ ఆవిడ. "మీరు రాకపోతే అది కొత్త చోట బెదిరిపోతుందండీ" అన్నాడు బాబాయి, మొహంలో ఎక్కడా నవ్వు లేకుండా.

మధ్యాహ్నానికి పార్కింగ్ నిండా రకరకాల పెట్టెలు. బాబాయి ఒక్కోదాన్నీ మోగించి, చెవి ఆనించి, జాతకం చెప్పేశాడు. "వీడు పొట్టివాడు, నోరు పెద్దది. దూరంగా పెట్టి గొంతు తగ్గిద్దాం. మాస్టారిది చూడు, గంభీరమైన మనిషి, గొణుగుడే తప్ప మాట బయటికి రాదు. దీన్ని జనం మధ్యలో పెట్టాలి."

"స్పీకరు సంగతేనా నువ్వు చెప్పేది?" అంది డ్రైవరమ్మ.

బాబాయి వినిపించుకోలేదు. డాక్టరమ్మ ఊఫర్ని తలకిందులుగా ఒక కుర్చీ మీద కూర్చోబెట్టి, వైర్లు తగిలించి, పాట పెట్టి, తాను నేల మీద చేతులూ మోకాళ్ళూ ఆనించి గోడల వెంట పాకడం మొదలుపెట్టాడు. జనం ఉండే చోట ఊఫర్ని పెట్టి, ఎక్కడ మోత బాగా వినబడితే అక్కడికి దాన్ని మార్చాలట. ఆయన అలా మూడో స్తంభం దాకా పాకేసరికి ఎదురుగా రెండు నల్లబూట్లు కనబడ్డాయి. డిపో మేనేజరు! డిపోలో ఆయన అడుగు వినబడితే నవ్వులు ఆగిపోతాయి. పిలవకపోతే బాగుండదని డ్రైవరమ్మ పిలిచిందే గానీ వస్తాడనుకోలేదు, అదీ అందరికంటే ముందు.

"ఏమైనా పోగొట్టుకున్నారా?" అన్నాడు మేనేజరు.

"లేదండీ, వెతుకుతున్నాను."

"దేన్ని?"

"మోతని," అని బాబాయి బూట్ల పక్కనుంచి పాకుతూ వెళ్ళిపోయాడు. డ్రైవరమ్మకి భూమి చీలితే బావుండుననిపించింది.

ఐదున్నరకి డిపో జనం బిలబిలమంటూ దిగారు. స్పీకర్ల యజమానులు స్కూలు వార్షికోత్సవంలో తల్లిదండ్రుల్లా ఎవరి పెట్టె పక్కన వాళ్ళు కుర్చీలేసుకున్నారు. ఊఫర్లు రెండూ గోడ మూలకి చేరాయి. బాబాయి చెయ్యెత్తి స్విచ్చి నొక్కాడు.

పాట వచ్చింది గానీ పాటకి గుండె లేదు. పలచగా, జలుబు చేసిన గొంతులా వచ్చింది. కండక్టరొకడు ఒక కాలు ఎత్తి, ఎందుకెత్తాడో తెలియక దించేశాడు. బాబాయి ఒక ఊఫర్ ఆపి రెండోది ఒక్కదాన్నే మోగించాడు. దిమ్! దాన్ని ఆపి మొదటిది పెట్టాడు. దిమ్! రెండూ కలిపి పెడితే తుస్! వెనక నించి ఎవరో కిసుక్కున నవ్వారు.

"వైరు పాడైనట్టుంది. మా గది అలమారాలో మందపాటి వైరు చుట్ట ఉంది, పరిగెత్తు!" అన్నాడు బాబాయి.

డ్రైవరమ్మ రెండేసి మెట్లెక్కి వెళ్ళి అలమారా తెరిచింది. వైరు చుట్ట ఒక దుప్పటి మీద ఉంది. చుట్ట లాగితే దుప్పటీ జారింది. దాని కింద నల్లగా నిగనిగలాడుతూ రెండు స్పీకర్లు. ఒకే కంపెనీ, ఒకే రంగు, ఒకే ఎత్తు. వాటికి తోడు ఊఫర్.

"పిన్నీ! ఇదేమిటి?"

పక్క గదిలో జడ వేసుకుంటున్న పిన్ని తొంగిచూసింది. "మీ బాబాయి సెట్టు. ఆదివారం తలుపులేసుకుని వింటాం."

"జంటంటే ఒళ్ళు మంటని ఊరంతా చెబుతాడుగా!"

"మంటా పాడా! ఒకప్పుడు పార్టీలకి ఇదే దించేవాడు. పిలిచినా మొహమాటంతో గడప దాటని వాళ్ళు కొందరుంటారు చూడు, వాళ్ళెవరూ వచ్చేవాళ్ళు కాదు. ఊరికే రమ్మంటే మాస్టారు వస్తారా? మీ స్పీకరు మీరే చూసుకోండంటే రాక ఏం చేస్తారు!"

డ్రైవరమ్మ కిటికీలోంచి కిందికి చూసింది. దర్జీ ఆవిడ డాక్టరమ్మ భుజం మీద చెయ్యేసి ముప్పై రెండు పళ్ళూ కనబడేలా నవ్వుతోంది. మాస్టారు తన స్పీకరు మీద పడ్డ దుమ్ముని రుమాలుతో తుడుస్తున్నాడు. డిపో కుర్రాళ్ళని ఒక్క కేకేస్తే ఈ సెట్టు క్షణాల్లో కిందికి దిగుతుంది. పరువూ దక్కుతుంది. ఆ కుర్చీలు మాత్రం ఒక్కొక్కటే ఖాళీ అవుతాయి. ఆమెకి బాబాయి మీద పట్టలేనంత ప్రేమ పొంగింది. దుప్పటి కప్పేసి, వైరు చుట్ట ఒక్కటే పట్టుకుని దిగింది.

"ఇంకేమైనా కనబడిందా?" అన్నాడు బాబాయి, ఆమె వైపు చూడకుండా.

"దుమ్ము," అంది డ్రైవరమ్మ.

కొత్త వైరుతోనూ అదే తుస్సు. అప్పుడు మాస్టారు కుర్చీలోంచే గర్జించాడు. "ఒక్కోటీ వేరుగా మోగుతోంది. కలిపితే సున్నా. ప్లస్ అయిదుకి మైనస్ అయిదు కలిపితే ఎంతోయ్? ఒకటి గాలిని ముందుకి నెడుతుంటే ఇంకోటి వెనక్కి లాగుతోంది. వైర్లు తిరగేసి తగిలించావేమో చూడు!"

బాబాయి నాలిక కరుచుకున్నాడు. పెట్టెని కుర్చీ మీద తలకిందులుగా పెట్టినప్పుడు ఎర్రదాని చోట నల్లవైరు తగిలించాడు. పాకుడు సంబరంలో మళ్ళీ చూసుకోలేదు. ఇప్పుడు కొత్త వైరుని కూడా పాతది ఉన్నట్టే బిగించాడు. గబగబా మార్చి స్విచ్చి నొక్కాడు.

దిమ్! పార్కింగ్ మొత్తం గుండెలా కొట్టుకుంది. కండక్టరు కాలు ఈసారి ఎత్తింది ఎత్తినట్టే ఎగిరింది. డిపో అంతా ఎగిరింది. దర్జీ ఆవిడ డాక్టరమ్మని లాక్కొచ్చింది. డ్రైవరమ్మ చెప్పులు వదిలేసి మధ్యలోకి దూకింది.

"ఇంకాస్త పెంచవోయ్!" అని మాస్టారు అరిచాడు.

"ఎవరైనా ఫిర్యాదు చేస్తే మాస్టారూ?"

"చేసేది నేనే కదా! పెంచు!"

పాట మారే సందులో డ్రైవరమ్మ ఊపిరి తీసుకుంటూ చుట్టూ చూసింది. మూడో స్తంభం దగ్గర మేనేజరు చేతులు వెనక్కి కట్టుకుని ఒక్కడే నిలబడి ఉన్నాడు. బూటు కొన మాత్రం మెల్లగా తాళం వేస్తోంది. ఆమె చెమట తుడుచుకుని తిన్నగా ఆయన దగ్గరికి వెళ్ళింది.

"సార్, మీ ఇంట్లో పాత స్పీకరేమైనా ఉందా?"

మేనేజరు తడబడ్డాడు. "ఉన్నాయమ్మా. రెండు."

"ఒక్కటి చాలు సార్. కాకపోతే వచ్చే శనివారం మీరొచ్చి దాని పక్కన కూర్చోవాలి."

"వచ్చే శనివారం ఏం పార్టీ?"

"ఇంకా అనుకోలేదు సార్."

యాంప్లిఫయర్ వెనక బాబాయి కాలర్ సర్దుకున్నాడు.