ఒకే కార్డు మీద రెండు కేబుళ్లు

ఆస్పత్రి అడుగు అంతస్తులో సర్వర్ గది చూసుకునే ఇంజినీరును అందరూ అక్క అనే పిలుస్తారు. ఆ గది చలికి స్వెటర్ వేసుకుని, కళ్లజోడు ముక్కు కొసకు జార్చుకుని, ఏ కేబుల్ ముట్టుకోవాలన్నా ముందు కాగితం మీద గీసుకుంటుంది. ఒక్కో సర్వరు పది కంప్యూటర్ల పని చేస్తుంది కనుక, ఒకే కేబుల్లో వీలాన్లు అనే వేరువేరు దారులు విడదీసి, రోగుల రికార్డులకు ఎర్రగీత, స్కాన్ బొమ్మలకు నీలిగీత గీస్తూ తనలో తనే గొణుక్కుంటుంది. కొత్త సర్వర్లు బిగించే రోజు పొద్దున, పై అధికారి సంతకం కూడా అయిపోయాక, ఆ కాగితం చూస్తూ చూస్తూ టీ గ్లాసు పక్కన పెట్టేసింది. "పని ఆపించండి సార్. ఒకటి పోతే ఇంకోటి ఉండాలని వేసిన స్కాన్ కేబుళ్లు రెండూ సర్వర్లో ఒకే నెట్‌వర్క్ కార్డుకి పెట్టాను. ఆ కార్డు పాడైతే రెండూ పోతాయి." ఆయన తల పట్టుకున్నాడు. "ఇప్పుడా అక్కా చెప్పేది? పైవాళ్లకి ఏమని చెప్పను?" "నా పేరే చెప్పండి. గీసింది నేనే. రెండు రోజులివ్వండి, ఒక్కోటి ఒక్కో కార్డుకి మారుస్తాను." అక్క చెవులు ఎర్రబడ్డాయి గాని, గొంతు తడబడలేదు.

మూడు వారాలకు ఒక మధ్యాహ్నం, పైన ఆపరేషన్ జరుగుతుండగా, ఒక కార్డు నిజంగానే పాడైపోయింది. రెండో కార్డు పని అందుకుంది, డాక్టరు ముందున్న స్కాన్ బొమ్మ రెప్పపాటు కూడా ఆగలేదు. సాయంత్రం కార్డు మార్చి అక్క లిఫ్ట్ ఎక్కితే, అందులో ఆ డాక్టరే ఉన్నాడు.

"మిమ్మల్ని ఎప్పుడూ చూడలేదే. ఎక్కడ పనమ్మా?"

"కింద, కంప్యూటర్ల దగ్గరండీ."

"హాయి. అక్కడ ఏ గొడవా ఉండదు."

"ఉండదండీ" అంది అక్క, నవ్వు ఆపుకుంటూ.