ఎనిమిదో బోల్టు

దగ్గరికి జరగండి, ఈ పీట మీద కూర్చోండి. చేతిలో పని ఉంటే చేసుకుంటూనే వినండి. మా వాకిట్లో ఒక పెద్ద బండి ఇంజన్ దింపిన రోజు సంగతి చెబుతాను.

మా ఆయన మెకానిక్. వరంగల్ నుంచి వర్ధన్నపేట పోయే రోడ్డు పక్కన మా ఇల్లు, ఇంటి ముందరి రేకుల షెడ్డే ఆయన దుకాణం. ఎడమచేతి చూపుడు వేలు సగమే ఉంది, మిగతా సగం మా పెళ్లికి ముందే ఒక ఫ్యాన్ బెల్టు తీసుకుపోయింది. అందుకే ఆయన ఇంజన్‌లో చేతులు పెట్టినప్పుడల్లా నా కళ్లు అక్కడే ఉంటాయి. మా ఇల్లు నడిచేది ఆ చేతులతోనే.

నేను చదివింది మూడో తరగతే. కానీ ఏ బోల్టు ఎక్కడిదో మర్చిపోను. ఆయన విప్పి ఇస్తుంటే నా పాత పోపుల డబ్బాలో వేస్తాను. ఇంజన్‌ను గేరుబాక్సుతో కలిపేవి ఆవాల గిన్నెలో, రేడియేటర్‌వి మెంతుల గిన్నెలో. కవర్లలో వేసి నంబర్లు రాద్దామని మా మరిది పోరు పెడతాడు. నూనె చేతులకు నంబర్లు నిలవవని మా ఆయన వినడు.

ఆ బండి మరిపెడ ఆయనది. కిరాయిలకు తనే నడుపుకుంటాడు. నీళ్లు తగ్గి వేడెక్కినా ఆపకుండా నడిపాడు, ఇంజన్ పట్టేసింది. దింపక తప్పదు. పొద్దున్నే బానెట్ విప్పి మా నులక మంచం మీద పడుకోబెట్టారు. రేడియేటర్ నీళ్లు టబ్బులోకి వదిలారు. మధ్యాహ్నానికి వైర్లు, పైపులు అన్నీ ఊడాయి. మిగిలినవి గేరుబాక్సు బోల్టులు. వాటిలో పైవి కంటికి కనబడవు, చేత్తో తడిమి విప్పాలి. ఆ పనిలో ఉండగా మరిపెడ ఆయన భార్య ఫోన్ చేసింది. బండి బాగవుతుందని మా ఆయన నోటితోనే వినాలంది. ఆయన లేచి పోయి మాట్లాడి వచ్చాడు. చేతులు తుడుచుకుని, అన్నీ అయ్యాయి, ఇక లేపుదామన్నాడు.

మూడు కాళ్ల ఇనుప స్టాండుకు గొలుసు కప్పి కట్టారు. గొలుసు లాగేది మా మరిది. ఇంజన్ లేస్తుంటే మా ఆయన సందులో చేతులు పెట్టి, ఇనుప కడ్డీతో గేరుబాక్సు నుంచి విడదీయాలి.

మేము చర్చికి పోతాం. బరువు లేపేముందు ప్రార్థన చేయడం మా ఇంటి పద్ధతి. మరిపెడ ఆయన గుడికి పోయే మనిషే, అయినా చెప్పులు విడిచి చేతులు జోడించాడు. అందరూ కళ్లు మూసుకున్నారు. నా కళ్లు మాత్రం ఆవాల గిన్నె మీదే ఉన్నాయి. ఏడు. పోయిన వానాకాలం ఇలాంటి బండికే ఇంజన్ మళ్లీ ఎక్కించేటప్పుడు ఆ గిన్నెలోవి ఒక్కొక్కటే ఆయన అరచేతిలో పెట్టాను. అవి ఎనిమిది.

మా ఇంట్లో ప్రార్థన మధ్యలో నోరు విప్పరు. ఆమేన్ కోసం ఆగాను. ఆమేన్ అనగానే మా మరిది గొలుసు లాగాడు. బండి మూతి కాస్త పైకి లేచింది. ఆయన చేతులు సందులోకి పోయాయి.

"ఆపుండ్రి," అన్నాను. "ఏడే ఉన్నయ్. ఒకటి ఇంకా లోపల్నే ఉన్నది."

మా మరిది నవ్వాడు. "వదినా, పప్పు మాడుతాందేమో సూడు పో. ఈ బండికి ఏడే ఉంటయేమో."

"మొన్నటి వానకాలం బండికి ఎనిమిది నా చేత్తోనే ఇచ్చిన. మీ అన్న చేతులు బయటికి వచ్చేదాక నువ్వు గొలుసు ముట్టకు."

అన్నకు తెలియదా అక్కా అని మరిపెడ ఆయన నసిగాడు. మా ఆయన నా ముఖం చూసి చేతులు తీసేసుకున్నాడు. గొలుసు వదులు చేయించి, గోనెసంచి పరిచి బండి కిందికి దూరాడు. చాలాసేపు తడిమాడు. తర్వాత పానా తిరిగిన చప్పుడు వినబడింది. బయటికి వచ్చి బోల్టు నా చేతిలో పెట్టాడు.

"దీని కాడికి వచ్చినంక ఫోనొచ్చింది," అన్నాడు.

అలాగే లాగి ఉంటే ఆ ఒక్క బోల్టు మీద ఇంజన్ బరువంతా వేలాడి, అది తెగిన క్షణాన ఇంజన్ ఆయన చేతుల మీదికే ఊగేది. మా మరిది అన్న సైగ చేశాకే గొలుసు లాగాడు. ఇక నవ్వలేదు. ఈసారి ఇంజన్ సాఫీగా జారి వచ్చింది. రెండు పాత టైర్ల మీద దించారు. ఖాళీ అయిన చోటులోంచి కింద నేల కనబడింది.

అప్పటి నుంచి మా ఆయన కళ్లు మూసుకునే ముందు నా వైపు తిరిగి "ఎన్ని?" అంటాడు. నేను లెక్క చెప్పాకే ప్రార్థన మొదలవుతుంది.

మీ ఇంట్లో పనికి పోయిన చేతులన్నీ సాయంత్రానికి క్షేమంగా కంచం ముందుకు రావాలి. మీ పొయ్యి ఆరకుండా, మీ ఇల్లు చల్లగా ఉండాలి.