పెద్దమ్మ నోట్లో పేము బద్ద

మా పెద్దమ్మ పేము కుర్చీలు అల్లుతుంది. ముప్పై ఏళ్ళుగా అదే పని. రెండు చేతులూ అల్లికలో ఉంటాయి కనుక తర్వాత అల్లాల్సిన బద్దను నోట్లో పెట్టుకుంటుంది. ఎండితే విరుగుతుంది, నోట్లో ఉంటే తడి ఆరదు. అందుకే పనిలో ఉన్నప్పుడు ఏమడిగినా ఆమె జవాబు "ఊఁ" ఒక్కటే. తన కాపురం ఇంత సాఫీగా సాగడానికి ఆ బద్దే కారణమంటాడు పెదనాన్న.

వానలో వణుకుతున్న కుక్కపిల్లను పెద్దమ్మే ఇంటికి తెచ్చింది. వారం తిరిగేసరికి చెప్పులూ చీపురూ తలుపు అంచూ అయిపోయాయి. పెదనాన్న దానికి "చెద" అని పేరు పెట్టాడు. హోటలుకు ఇవ్వాల్సిన ఆరు కుర్చీల్లో రెండింటి కాళ్ళ అల్లిక కొరికిన రోజున మాత్రం తేల్చి చెప్పేశాడు.

"ఇంకొక్కటి కొరికిందా, మిల్లు కాపలావాడికి ఇచ్చేస్తా. ఎప్పట్నుంచో అడుగుతున్నాడు."

పెద్దమ్మ నోట్లోంచి బద్ద తీసింది. "పళ్ళొస్తున్నాయండీ దానికి. కొరక్క ఏం చేస్తుంది?"

ఉచిత సలహాలకేం కొదవ! కుర్చీ కాళ్ళకు కారం కలిపిన నీళ్ళు పుయ్యమన్నాను నేను. నాకు కుక్కలంటే మొదట్నుంచీ పడదు లెండి. పెద్దమ్మ ఆ నీళ్ళు ముందు తన నాలుక మీద వేసుకుంది. కళ్ళు ధారలు కట్టాయి. గిన్నె పారబోసింది.

"నా నోట పెట్టుకోలేనిది దాని నోట పెట్టనే," అంది.

నిమ్మరసం పూస్తే చెద శుభ్రంగా నాకి, ఇంకా ఉందా అన్నట్టు చూసింది. వెనిగరు వాసన తెల్లారేసరికి పోయింది. చివరికి కాకరకాయ తొక్కలు చిక్కగా మరిగించింది. పైన పూస్తే తుడుచుకుపోతుందని, అల్లకముందే బద్దలన్నీ రోజంతా అందులో నానబెట్టింది.

"కూర్చునేవాళ్ళకి చేదు తగలదూ?" అన్నాను.

"కూర్చునేవాళ్ళు కుర్చీని నాకరులే."

పడీపడీ నవ్వాను. ఆ బద్దలు అల్లేటప్పుడు ఎవరి నోట్లో ఉంటాయో నా మట్టిబుర్రకు తట్టనే లేదు.

తొమ్మిది రోజులు ఆరు కుర్చీల కాళ్ళ అల్లిక విప్పి మళ్ళీ అల్లుతూ పోయింది. అన్నం రెండు ముద్దలు తిని కంచం పక్కకు జరిపేది. పంటినొప్పేమో అనుకున్నాను.

పదో రోజు ఆరో కుర్చీ అంచు కడుతూ ఉండగా, మిగతా ఐదింటి మధ్య చెదను వదిలాం. ముగ్గురం ఊపిరి బిగబట్టాం. అది ఒక కుర్చీ కాలు నోట పట్టింది. వెంటనే వదిలేసి, తల విదిలించి, నాలుక చాపుకుంటూ పోయి పెద్దమ్మ పాదాల దగ్గర పడుకుంది.

పెదనాన్నకు నమ్మకం కుదరలేదు. "ఏం మందు పెట్టావే?" అంటూ మిగిలిన బద్దొకటి నోట్లో పెట్టుకున్నాడు. తుపుక్కున ఉమ్మి, పరుగెత్తి పోయి నాలుగుసార్లు పుక్కిలించాడు. తిరిగొచ్చి ఆమె ఎదుట నిలబడ్డాడు.

"తొమ్మిది రోజులు... దీన్ని నోట్లో పెట్టుకున్నావా?"

పెద్దమ్మ నోట్లో అప్పుడూ బద్ద ఉంది. తల ఎత్తకుండానే "ఊఁ" అంది.

 పుట్టినప్పట్నుంచీ ఎరిగిన మనిషే అయినా, ఆ క్షణాన ఆమెకు దండం పెట్టాలనిపించింది నాకు.  పెదనాన్న చేదు తగలని మామూలు బద్దలు వెతికి, గట్టిగా కట్టకట్టి, చెద ముందు కూలబడ్డాడు.

"ఇదిగో, కొరుక్కో తల్లీ," అన్నాడు.