రెండు బీకర్లూ ఒకటే నీలం

సిద్దిపేట జిల్లా అయిన మరుసటి మార్చిలో, అక్కడి ఒక డిగ్రీ కాలేజీలో రసాయనశాస్త్రం చెబుతున్న నన్ను ఫైనలియర్ ప్రాక్టికల్స్‌కు ఇంటర్నల్ ఎగ్జామినర్‌గా వేశారు. ఇంటర్నల్ అంటే సొంత కాలేజీ మనిషి. ఏర్పాట్లు చూడాలి, పరీక్ష మొదలయ్యాక పిల్లలకు కనుసైగ కూడా చేయకూడదు. మార్కులు వేసేది బయటి నుంచి వచ్చే ఎక్స్‌టర్నల్.

అక్కన్నపేట నుంచి బస్సులో వచ్చే లావణ్యకు చీటీలో గాఢతా ఘటం పడింది. రెండు బీకర్లలోనూ కాపర్ సల్ఫేటే, రెండింటిలోనూ రాగి కడ్డీలే. ఒక ద్రావణం చిక్కన, ఇంకొకటి పలచన. ఆ తేడాకే కరెంటు పుడుతుంది. పలచని గాఢతను చిక్కని గాఢతతో భాగిస్తే వచ్చేది చర్యా భాగఫలం. వోల్టేజి దాని లాగ్‌ను బట్టి ఉంటుంది; అది ఒకటికంటే ఎంత తగ్గితే వోల్టేజి అంత పెరుగుతుంది.

లావణ్య మీటరు మాత్రం సున్నా చూపింది. తీగలు మార్చింది, రెండు బీకర్లనూ కలిపే సాల్ట్ బ్రిడ్జి మార్చింది. మళ్లీ సున్నాయే. ఎక్స్‌టర్నల్ గారు మార్కు వేయడానికి కలం మూత తీశారు. ఫెయిలైతే ఆమెకు ఆ ఏడాది ఎమ్మెస్సీ లేనట్టే. నేను నోరు మెదపకూడదు గనక కిటికీ వైపు తిరిగాను.

ఆమె బీకర్లు రెండూ వెలుతురుకు ఎత్తింది. “సార్, రెండూ ఒకటే నీలమున్నయ్!” పక్క బల్ల దగ్గరి స్నేహితురాలిని కేకేసింది. “ఓ స్రవంతీ, పలచని సీసల ఏం పోసినవే?”

“నేను వాడుకున్నంక ఖాళీ అయింది. పక్కనున్న చిక్కని సీసలకెల్లి నింపిన. నీ మంచికే గదనే!”

ల్యాబంతా గొల్లున నవ్వింది.

“గట్లయితె నా సున్నా కరెక్టే సార్! రెండూ సమానమైతె భాగఫలం ఒకటి. ఒకటికి లాగ్ సున్నా. మీటర్ గదే చూపెడుతుంది!”

చేసి చూపించమన్నారు ఎక్స్‌టర్నల్. ఆమె ఒక బీకరులో కొంచెమే ద్రావణం ఉంచి, దానికి తొమ్మిది వంతుల నీళ్లు కలిపింది. అంకెలు గంతులేసి ఇరవై మిల్లీవోల్టులు దాటాయి.

“లేసిందే!” అని స్రవంతి చప్పట్లు కొట్టింది. ఎక్స్‌టర్నల్ గారు నవ్వాపుకోలేక కళ్లద్దాలు తీసి తుడుచుకున్నారు. రెండో బీకరునూ అంతే పలచన చేయించారు. మీటరు మళ్లీ సున్నాకు దిగింది. ఈసారి ఆయనే చప్పట్లు కొట్టారు. నేను కిటికీ ఊచలు పట్టుకుని, కళ్లలో నీళ్లు తిరిగేదాకా నవ్వాను. లావణ్యకు పూర్తి మార్కులు పడ్డాయి.

తర్వాత నేను రిటైరయ్యేదాకా ఆ ప్రయోగాన్ని రెండు సమాన ద్రావణాలతోనే మొదలుపెట్టించాను. మీటరు ఎప్పుడు కదలకూడదో చూసిన విద్యార్థికి, అది ఎందుకు కదులుతుందో చెప్పడం సులువు.