పసుపు బనీనును దాటకూడదు

పదకొండు మందిమి. అందరమూ చదువుకున్నవాళ్ళమే. ఒకాయన హైస్కూల్లో లెక్కల మాస్టారు, ఇద్దరు బ్యాంకు ఉద్యోగులు. నేనేమో రోజూ తెల్లవారకముందే రైలెక్కి బెంగళూరు పోయి కంప్యూటర్ ముందు కూర్చునేవాణ్ణి. మా కళ్ళ ముందే, మా చక్రాలకు నాలుగడుగుల దూరంలో, ఒక మనిషికి పక్షవాతం వస్తుంటే మేము మర్యాద పాటించాం. ఇన్నేళ్ళ తర్వాత కూడా ఈ వాక్యం రాసి, ఇది నిజంగా జరిగిందా అని నన్ను నేనే అడుక్కుంటున్నాను. జరిగింది. రెండో సైకిలు నాదే.

కోలారు బంగారు గనులు మూతపడి అప్పటికి పదేళ్ళు దాటింది. ఊరిగాంలో సైరన్ ఆగిపోయినా షిఫ్టు వేళకు మెలకువ వచ్చే మనుషులు ఇంకా ఉండేవారు. అలాంటివాళ్ళలో మామ ఒకడు. మామ నాకు చుట్టమేమీ కాదు, మా లైనులో, అంటే గనివాళ్ళ ఇళ్ళ వరుసలో, చిన్నాపెద్దా అందరికీ ఆయన మామే. చిత్తూరు వైపు పల్లె నుంచి వాళ్ళ తాత గనిపనికి వచ్చాడట. ఈయన గనిలోకి మనుషులను దించే కేజ్ నడిపేవాడు. కింద ఒకడు గంట కొడతాడు, ఆ గంటను బట్టి పైన ఈయన ఇంజన్ తిప్పుతాడు, ఒకరి మొహం ఒకరికి కనపడదు. ముప్పై ఏళ్ళు అలా చేసి, గని మూతపడ్డాక ఏం చెయ్యాలో తోచక టీవీ ముందు కూర్చున్నాడు.

చానెళ్ళు తిప్పుతుంటే ఒక జూలై మధ్యాహ్నం ఫ్రాన్సులో మూడు వారాలు జరిగే సైకిల్ రేసు కంటపడింది. అంతే, పిచ్చి పట్టుకుంది. అది మాకూ అంటించాడు. రేసులో ఆయనకు నచ్చింది వేగం కాదు, మర్యాద. మొత్తం మీద ముందున్నవాడు పసుపు బనీను వేసుకుంటాడు. వాడు ఒంటికి పోవడానికి ఆగితే ఎవడూ అదను చూసి ముందుకు పోడు. వాడు పడిపోతే మిగతావాళ్ళు ఆగుతారు. ఆఖరి రోజు వాడి మీద ఎవడూ పోటీకి దిగడు.

"చూస్తిరా అప్పా," అనేవాడు మామ, "ఇది ఏ బుక్కులోనూ రాసిపెట్టింది కాదు. మనిషికి మనిషి ఇచ్చే మర్యాద. మన గని మాదిరే ఉండాది."

మర్యాద ఉన్నచోట మూఢనమ్మకం ఊరికే ఉంటుందా! మామ ఇంటి ముందుగదిలో మా పదకొండు మందికీ చోట్లు ఖాయం. నేను బియ్యం డ్రమ్ము పక్కన. ఒకసారి నేను మంచినీళ్ళకని లేచినప్పుడే మా అభిమాన రేసుగాడు కొండ మలుపులో జారి పడ్డాడు. ఆ తర్వాత మూడేళ్ళు రేసు అయ్యేదాకా నన్ను లేవనివ్వలేదు, నీళ్ళు అత్తే తెచ్చి ఇచ్చేది. అత్త అంటే మామ భార్య. పంక్చర్ అనే మాట నోటితో అనకూడదు, "చుట్టం వచ్చినాడు" అనాలి. మేము సైకిలెక్కే రోజు చీటీ తీసి వీపుకు అంటించుకునే నంబరు పదమూడైతే, దాన్ని తలకిందులుగా అంటించుకోవాలి. వీటన్నిటినీ అందరికంటే గట్టిగా నమ్మింది లెక్కల మాస్టారు. పిల్లలకు పొద్దున సంభావ్యత పాఠం చెప్పి, సాయంత్రం వచ్చి పదమూడును తిరగేసేవాడు.

అన్నింటికీ పై నియమం ఇంకొకటి ఉండేది. సైకిలెక్కే రోజు నిద్ర లేచినప్పటి నుంచి ఇల్లు చేరేదాకా ఒంటి మాట ఎత్తకూడదు. నొప్పి, నీరసం, తలతిప్పు, ఏదీ. ఎవడో ఒకసారి "మోకాలు లాగతా ఉండాదే" అన్నాడు, పది నిమిషాల్లో రైల్వే గేటు దగ్గర పళ్ళు రాలేలా పడ్డాడు. దాంతో చట్టమైపోయింది. నీ ఒంటి మాట నువ్వు అనకూడదు, ఎదుటివాడిని అడగనూ కూడదు. నాకు నమ్మకం లేదు. కానీ పాటించాను. నమ్మకం లేకుండా పాటించేవాడికి నమ్మినవాడి కంటే సిగ్గు ఎక్కువ ఉండాలి, నాకు అదీ లేకపోయింది.

ఏటా ఆ రేసు ఆఖరి ఆదివారం మాకూ ఒక సవారీ ఉండేది. ఊరిగాం నుంచి బంగారుపేట మీదుగా బూదికోట, మళ్ళీ వెనక్కి. పోటీ లేదు. పసుపు బనీను వేసుకుని మామ ముందు, ఆయన వెనక మేము ఒకే వరుస. ఆయన్ను ఎవరూ దాటకూడదు. ఎడమ చెయ్యి కిందికి వదిలితే ఎడమ పక్క గుంత అని అర్థం. వెనకవాడు చూసి తనూ చెయ్యి దించి, తన వెనకవాడికి అందించాలి. గుంత నీకు కనపడిందా లేదా అన్నది అనవసరం.

"గంట మీద అనుమానం పెట్టుకుంటే కేజ్ నడవదప్పా," అనేవాడు మామ.

ఆ ఏడు ఆదివారం పొద్దున ఆరు కొట్టకముందే చర్చి దగ్గర చేరాం. మబ్బు పట్టి, చలిగాలి కొడుతోంది. మామ మెట్టు మీద కూర్చుని బూటు లేసు కట్టుకుంటున్నాడు. ఎడమ చెయ్యి లేసును పట్టుకుంటోంది, జారిపోతోంది, మళ్ళీ పట్టుకుంటోంది. నాలుగైదు సార్లు చూసి, చివరికి లేసును ముడి వెయ్యకుండా మేజోడులోకి దోపేసుకున్నాడు. నేను నోరు తెరిచాను. పక్కనున్న మాస్టారు నా వైపు గుడ్లురిమి చూశాడు. మూసేశాను. చేతికి చలేమో అనుకున్నాను. అనుకోవడానికి ఏదో ఒకటి దొరుకుతుంది కదా.

బంగారుపేట దాటేదాకా బాగానే ఉంది. ఆ తర్వాత రోడ్డు కొత్తగా తారు వేసింది, నున్నగా ఉంది. అక్కడ మామ ఎడమ చెయ్యి కిందికి దిగింది. నేనూ దించాను. నా వెనక మాస్టారు, ఆయన వెనక అందరూ. కుడికి జరిగాం. గుంత లేదు. కొంత దూరం పోయాక చెయ్యి మళ్ళీ దిగింది. మళ్ళీ కుడికి జరిగాం. గుంత లేదు.

"మాస్టారూ, గుంత యాడుంది?" అన్నాను వెనక్కి.

"పరీక్ష పెడతా ఉండాడప్పా మామ. ఎవుడు చెయ్యి దించేది మరిస్తాడో చూస్తా ఉండాడు. నువ్వు దించు."

దించాను. మూడోసారి దిగిన చెయ్యి ఇంక పైకి లేవలేదు. తొడ పక్కన వేలాడుతూనే ఉంది. మేమూ పదకొండు మందిమి ఎడమ చేతులు వేలాడేసుకుని, లేని గుంతలను తప్పించుకుంటూ పోయాం. ఎదురొచ్చిన టమాటా లారీ డ్రైవరు మమ్మల్ని చూసి తల బయటపెట్టి నవ్వాడు. మాకూ నవ్వొచ్చింది. అవును, నవ్వాం.

తర్వాత మామ వేగం తగ్గింది. మేమూ తగ్గించాం. ఇంకా తగ్గింది. నడిచేవాడు మమ్మల్ని దాటిపోగలిగేంత నిదానం. అంత నిదానంగా సైకిలు నిలబెట్టడం ఎంత కష్టమో తొక్కినవాళ్ళకు తెలుసు. అయినా ఒక్కరూ పక్కకు తీసి ముందుకు పోలేదు. ఆయన సైకిలు ఎడమకు ఒరుగుతూ తారు దిగి మట్టిలోకి పోయింది. నేనూ తారు దిగాను. నా వెనక అందరూ దిగారు. గొర్రెదాటు అంటారే, దానికి ఇంతకంటే మంచి బొమ్మ ఎవరూ గియ్యలేరు. అక్కడ మామ ఒక టమాటా తోట అంచున నెమ్మదిగా పక్కకు వాలిపోయాడు.

పసుపు బనీను పడిపోతే ఆగాలి. ఆగాం.

కాలు నేలకు ఆనించి నిలబడ్డాం. ఆయన లేచి మళ్ళీ ఎక్కేదాకా ఎవరూ ముట్టుకోకూడదని మా లెక్క. బోర్లా పడి ఉన్నాడు, మొహం మట్టిలో ఉంది. ఎంతసేపు నిలబడ్డామో నేను చెప్పలేను. నిమిషమైనా అయ్యుంటుంది, రెండైనా అయ్యుంటుంది. తోటలో కాయలు కోస్తున్న ఒకామె గంప పడేసి పరుగెత్తుకొచ్చింది. ఆయన్ను వెల్లకిలా తిప్పి కేక పెట్టింది.

"అయ్యో, మూతి వంకర పోయిండాది కదప్పా! మాట లేదు! ఏం చూస్తా నిలబడినారు అందరూ? మనుషులేనా మీరు?"

అప్పుడు చూశాను ఆ మొహాన్ని. ఎడమ పక్క మొత్తం కిందికి జారిపోయి, నోటి మూల నుంచి చొంగ, మట్టి. కళ్ళు మాత్రం తెరుచుకుని మమ్మల్నే చూస్తున్నాయి. సైకిలు వదిలేస్తే అది నా మీదే పడింది, ఆ దెబ్బ సాయంత్రందాకా తెలియలేదు.

టమాటా క్రేట్ల బండిలో బంగారుపేట తీసుకుపోతే, అక్కడ స్కాన్ లేదు, కోలారు పొమ్మన్నారు. కోలారులో డాక్టరమ్మ చిన్నపిల్ల, మా మాస్టారి శిష్యురాలంత వయసు. స్కాన్ తీయించి వచ్చి, "యావాగిందా?" అని కన్నడంలో అడిగింది. ఎప్పటినుంచి అని. అప్పటికి గంట తొమ్మిదింబావు.

"ఏడున్నరకు పడినాడు మేడం," అన్నాడు మాస్టారు.

"పడింది కాదు. మొదలైంది ఎప్పుడు? మెదడులో రక్తపు గడ్డ కరిగించే మందు ఉంది. మొదలైన కొన్ని గంటల్లోపే ఇవ్వాలి. గడువు దాటినాక ఇస్తే మెదడులో రక్తం కారుతుంది. కరెక్టుగా చెప్పండి."

నిజం చెబితే మందు దక్కకపోవచ్చు. అబద్ధం చెబితే మందే చంపవచ్చు. ఆ చెయ్యీ ఆ కాలూ మళ్ళీ ఆయనవి అవుతాయా లేదా అన్నది మా నోటి మాట మీద ఆగి ఉంది. చెప్పాను. బంగారుపేట దాటినప్పటి నుంచి చెయ్యి లేవలేదని చెప్పాను. అంతకుముందే, ఆరు కాకముందే, లేసు కట్టుకోలేకపోయాడని కూడా చెప్పాను.

"మీరు చూశారా?" అంది ఆమె.

"చూశాను."

"చూసి?"

ఆమె గోడ గడియారం చూసి వేళ్ళు మడిచి లెక్క వేసుకుంది. "ఇంకా టైముంది," అని నర్సును కేకేసింది. నా ప్రాణం లేచి వచ్చింది. చేతులు కాలకముందే ఆకులు దొరికాయి అనుకున్నాను.

సరిగ్గా అప్పుడే అత్త వచ్చింది. ఎవరో ఫోను చేస్తే ఆటోలో వచ్చింది. డాక్టరమ్మ కాగితాల మీద సంతకం పెట్టించుకోబోతూ, మాట వరసకు అడిగింది, పొద్దున లేచినప్పుడు బాగున్నాడా అని.

అత్త మా అందరి మొహాలూ ఒకసారి చూసింది. తర్వాత గొంతు తగ్గించి చెప్పింది.

"నాలుగుకు లేచినాడమ్మా. కాఫీ ఇస్తే లోటా చేతిలోనించి జారిపోయె. తుడిచి ఇంగో లోటా ఇచ్చినాను, అదీ జారిపోయె. కాలు ఈడస్తా నడిచినాడు. రేసు దినం ఒంటి మాట ఎత్తకూడదని ఆయనే కదా చెప్పి పెట్టిండేది? నేను అడగలేదు. మూడో తూరి లోటా నేనే పట్టుకోని తాగించినాను."

డాక్టరమ్మ మళ్ళీ గడియారం చూసింది. ఈసారి వేళ్ళు మడవలేదు. కాగితాలు వెనక్కి తీసుకుంది. "గడువు దాటిపోయింది. ఇవ్వలేను," అంది. అత్తకు అది అర్థం కాలేదు. "మేము సంతకం పెడతామమ్మా, ఇయ్యి," అంటూ పెన్ను కోసం చెయ్యి చాపింది. ఆ చాపిన చేతిని పట్టుకునే ధైర్యం మా పదకొండు మందిలో ఎవరికీ లేకపోయింది.

మామ బతికాడు. ఎడమ చెయ్యీ కాలూ పోయాయి. మాట కూడా చాలాకాలం రాలేదు. మేము వంతులు వేసుకుని పోయేవాళ్ళం, పండ్లూ హార్లిక్సూ తీసుకుపోయేవాళ్ళం. పక్క మార్చేవాళ్ళం, ఆసుపత్రికి మోసేవాళ్ళం. ఆ రోజు సంగతి మాత్రం ఎవరూ ఎత్తలేదు. నాకు కోపంగా ఉండేది, మాస్టారి మీద, నా మీద, ఒక్కోసారి ఆ నియమాలు పెట్టిన మామ మీద కూడా. ఆయన పెట్టిన చట్టమే ఆయన్ను పడేసింది కదా అని మనసులో అనుకుని కొంచెం తేలికపడేవాణ్ణి. అలా తేలికపడ్డందుకు ఇప్పుడు సిగ్గుగా ఉంది.

దీపావళి దాటాక మాట కొంచెం తిరిగింది. కబురు విని అందరమూ పోయాం. మామ దిండుకు ఆనుకుని కూర్చున్నాడు. మాస్టారు మంచం కింద కూర్చుని, ఆయన కాళ్ళు పట్టుకుని ఏడ్చాడు.

"మామా, నువ్వు మమ్మల్ని పరీక్షిస్తా ఉండావనుకుంటిమి. నిన్ను దాటి రాకూడదని కదా అట్లే వస్తిమి..."

మామ చాలాసేపు నోటిని కూడదీసుకున్నాడు.

"పిలిచినానప్పా. నోరు రాలే. వెనక మీ చక్రాల సప్పుడు ఇనిపిస్తానే ఉండె. ఎవుడో ఒకడు దాటి ముందరికొస్తాడు, తిరిగి నా మొగం చూస్తాడని... పడేదాకా తొక్కినాను."