రాబందుల ఇంటికి వల కప్పు

మా ఆయన వేసిన ముడి ఊడదని సూరత్ పాండేసరలో మాతో పనిచేసే వాళ్లంతా అనేవారు. మరమగ్గం మీద పడుగు అయిపోతే కొత్త పడుగు పోగుల్ని పాతవాటికి ఒక్కొక్కటిగా అతకాలి. ఆ పనిలో ఆయన దిట్ట. ఆ సంగతి ఆయనకూ బాగా తెలుసు, అదే తంటా.

మందీ వచ్చి, గుడ్డకు గిరాకీ లేక మగ్గాలు ఆగిపోయిన ఎండాకాలంలో మాకు వేరే పని తగిలింది. సూరత్‌కు తూర్పున, డాంగ్ అడవుల్లో ఒక కొండవాలు మీద రాబందుల సంరక్షణ కేంద్రం కడుతున్నారు, కప్పుకు వల అతికేవాళ్లు కావాలన్నారు.

"రాబందులకు ఇల్లేంది? మన సేటుకు కడుతున్నరా ఏంది?" అన్నాను.

"జర నోరు మూసుకొని బట్టలు సర్దు" అన్నాడాయన.

బండి బాట కొండ కిందే ఆగిపోయింది. ఇనుప గొట్టాల్ని మనుషులే భుజాల మీద పైకి మోశారు. ఎక్కడ గుంత తవ్వినా రాయే తగిలేది. నీళ్లు కింది వాగు నుంచి డబ్బాల్లో తేవాలి. కట్టిన గోడ ఒకటి వాలుకు జారిపోతే, మేస్త్రీలు తిట్టుకుంటూనే మళ్లీ కట్టారు. వల మొత్తంగా మోయలేరు కాబట్టి ముక్కలుగా వచ్చింది. వాటిని పైన అతకడమే మా పని.

పక్షుల్ని చూసుకునే డాక్టరమ్మ హిందీలో సంగతంతా చెప్పింది. పట్నంలో ఒక ఇరుకు గదిలో రాబందుల జంట ఉంది. రెక్క పూర్తిగా చాపే చోటు లేదు. వానలు పడితే వాగు పొంగి బాట మూసుకుపోతుంది. ఇంకో వానాకాలం ఆ గదిలోనే ఉంటే అవి ఇక ఎగరలేవు.

"వానల ముందే కప్పు అయితది మేడం. నా జిమ్మెదారి" అన్నాడు మా ఆయన గుండె మీద చెయ్యి వేసుకుని.

పడుగు అతికినట్టే అతికాం. చిన్న ముడి, ముడి దాటి మిగిలిన తోకలు నున్నగా కత్తిరింపు. పనైన మధ్యాహ్నమే గాలి లేచింది. వల టపటపా కొట్టుకుని, ముడులు వరసగా వదులై, అతుకు ఈ కొస నుంచి ఆ కొసకు విచ్చుకుపోయింది. అందరూ చూస్తుండగానే. మగ్గం మీద ముడి, పోగుల్ని విడదీసే అచ్చు పళ్ల సందులోంచి దూరితే చాలు, దాన్ని గాలి కొట్టదు. ఆ తేడా మాలో ఎవరికీ తట్టలేదు.

ఆయన గాలినో నైలాన్ తాడునో తిడతాడనుకున్నాను. ఎరిగిన మనిషే కదా! లేచి వెళ్లి, "తప్పు నాది మేడం" అన్నాడు. నన్ను వెంటబెట్టుకుని బస్సెక్కి, ఇంటికి కూడా పోకుండా నేరుగా డుమస్ సముద్రం ఒడ్డుకు వచ్చాడు. బజ్జీల బండ్లు దాటి, వలలు బాగుచేసుకుంటున్న ఒక ముసలి జాలరామె ముందు ఇసుకలో చతికిలబడి తన ముడి చూపించాడు.

ఆమె పగలబడి నవ్వింది. తోకలెందుకు కోశావని గుజరాతీలో దులిపేసింది. తాడు ఇంకో చుట్టు తిప్పాలి, తోకలు పొడుగ్గా వదలాలి, అప్పుడే ఊగేకొద్దీ బిగుస్తుందట. ఆయన తప్పు వేసిన ప్రతిసారీ విప్పి మొహాన కొట్టింది. కార్ఖానాలో ఎవరి మాటా పడని మనిషి, ఆమెతో తిట్లు తింటూ హాయిగా నవ్వుతున్నాడు. నాకు ఆయన మీద అంత ప్రేమ ఎప్పుడూ పుట్టలేదు.

కొండకు తిరిగొచ్చాక ఊడని ముడుల్ని కూడా విప్పించాడు. తోటివాళ్లు సణిగారు. అలవాటు కొద్దీ మా చేతులు తోకల మీదికే పోతుంటే, కత్తెరలన్నీ లాక్కుని తన సంచిలో వేసుకున్నాడు. అందరి వేళ్లూ ఒరుసుకుపోయాయి, ఆయనవి మరీనూ. పైన మబ్బులు కమ్ముతున్నా మేము దిగలేదు.

ఈసారి గాలి వచ్చినప్పుడు వల ఉబ్బింది, తగ్గింది, ఒక్క ముడి కదల్లేదు. డాక్టరమ్మ వెంటనే పక్షుల కోసం ఫోన్ చేసింది. బాట తడవకముందే వాటి పెట్టెల్ని మోసుకొచ్చారు.

మొదట బయటికొచ్చినది అలిగినట్టు నేల మీదే కూర్చుంది. మర్నాడు పొద్దున నాలుగు అడుగులు పరుగెత్తి రెక్కలు విప్పింది. అంత పెద్ద రెక్కలు ఉంటాయని నేననుకోలేదు. లేచి, సరిగ్గా అతుకు దగ్గరే వలను గోళ్లతో పట్టుకుని వేలాడింది. వల కిందికి వంగింది. అతుకు ఊడలేదు. పక్షి పట్టు వదిలి, ఆ చివర కొయ్య దాకా ఎగిరి వాలింది.

"నువ్వు గట్టోనివయ్యా" అన్నాను. పెళ్లయ్యాక ఆయన్ని ఎదురుగా మెచ్చుకోవడం అదే మొదలు.

"ఏందీ? గాలికి ఇనవడలే" అన్నాడు, కళ్లు తుడుచుకుంటూ.

అప్పుడు గాలే లేదు. అయినా మళ్లీ అన్నాను, ఈసారి అందరికీ వినపడేలా.